చిన్న కుక్కల రెస్క్యూ: గ్రూపులో ఎనభై మంది ఉన్నాం, అయినా పని ఎందుకు సాగట్లేదు?

తెల్లబొచ్చు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మేము ఆరుగురం కలిసి చిన్న జాతి కుక్కల్ని, అంటే పొమెరేనియన్, షిట్జు, పగ్, మాల్టీస్ లాంటివాటిని, వదిలేసిన చోటి నుంచి తెచ్చి బాగు చేయించి కొత్త ఇళ్లకు చేరుస్తున్నాం. మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. ఇన్నాళ్లూ నెలకు ఒకటో రెండో వచ్చేవి కాబట్టి ఎలాగో నెట్టుకొచ్చాం. మూడు వారాల క్రితం, కుక్కపిల్లల్ని పెట్టించి అమ్ముకునే ఒకాయన వ్యాపారం మానేస్తూ ఒకేసారి పదకొండింటిని తీసుకెళ్లమన్నాడు. లేదంటే రోడ్డు మీద వదిలేస్తానన్నాడు. ఇంకేం ఆలోచించకుండా తెచ్చేసుకున్నాం.

అప్పటి నుంచి రోజూ ఏదో ఒక తప్పు జరుగుతూనే ఉంది. వాట్సాప్ గ్రూపులో ఎనభై మంది ఉన్నారు, అందరూ మంచి మనసున్నవాళ్లే, అడిగితే సాయం చేసేవాళ్లే. కానీ ఒక పగ్‌ని మాలో ఇద్దరం, ఒకరికి తెలియకుండా ఒకరం, రెండు కుటుంబాలకు మాటిచ్చేశాం. ఒక మాల్టీస్‌కి ఒకే టీకా వారం తేడాతో రెండుసార్లు పడింది, ఎందుకంటే మొదటిసారి వేయించినావిడ కార్డు ఫొటో గ్రూపులోనే పెట్టింది, అది మెసేజీల కింద ఎక్కడో పూడుకుపోయింది. పోయిన ఆదివారం ఒక పొమ్‌ని (పొమెరేనియన్‌ని) కారులోంచి ఇంకో కారులోకి మారుస్తుంటే మెడపట్టీలోంచి తల వెనక్కి లాక్కుని పారిపోయింది. నాలుగు గంటల తర్వాత దొరికింది. ఆ నాలుగు గంటలు తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి.

ఇంకోటి. మా ఇంట్లో ఉన్నది ఒక షిట్జు తల్లి. ఏడెనిమిదేళ్లు ఉంటాయని డాక్టర్ గారు అన్నారు. వాషింగ్ మెషీన్ వెనక సందులో దూరి గోడకేసి చూస్తూ కూచుంటుంది. నేను గదిలో ఉంటే గిన్నె ముట్టదు, రాత్రి లైట్లు ఆర్పాక వచ్చి తింటుంది. గోళ్లు వంపు తిరిగి పాదం కిందికి వచ్చేశాయి. అరికాళ్లు చూస్తే ఎప్పుడూ నేల మీద నడవనట్టు మెత్తగా, గులాబీ రంగులో ఉన్నాయి. ఫొటో చూసి దీన్ని ఇమ్మని ఇద్దరు అడిగారు. ఇప్పుడే ఇచ్చేయమంటారా, ఆగమంటారా? అసలు ఇంతమంది కలిసి చేసే పనిని మీరంతా ఎలా పంచుకుంటున్నారో చెప్పండి.

పాతఫోస్టర్:

తల్లీ, ముందు ఒక మాట, పదకొండింటినీ బతికించి ఇళ్లల్లో పెట్టారు, అది చిన్న పని కాదు. మీరు చెప్పిన మూడు తప్పులూ మా దగ్గరా జరిగినవే, మూడింటికీ కారణం ఒక్కటే: ఆ కుక్క ఎవరిది అంటే చెప్పడానికి ఒక పేరు లేదు. గ్రూపుది అంటే ఎవరిదీ కాదనే.

మేము పదేళ్లు ఇలాగే తంటాలు పడ్డాక ఒక పద్ధతికి వచ్చాం. వచ్చిన ప్రతి కుక్కకీ ఒక మనిషిని బాధ్యుడిగా పెడతాం. ఆ కుక్క ఎవరింట్లో ఉన్నా సరే, టీకాలు, మందులు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, అడాప్షన్ ఫోన్లు, ఇచ్చాక కనుక్కోవడం, అన్నీ ఆ ఒక్కరి మీదే. వాళ్లే చేయాలని కాదు, జరిగిందా లేదా అన్నది వాళ్లకు తెలిసి ఉండాలి. ఇంకెవరైనా సరే కుటుంబాలకు ఒక్కటే చెప్పాలి, "ఫలానా ఆవిడ మీకు ఫోన్ చేస్తారు" అని. మీరు ఆరుగురు, కుక్కలు పదకొండు, అంటే ఒకరికి ఒకటి, మిగతావాళ్లకి తలా రెండు. కూర్చుని ఈ రాత్రికే పంచేసుకోండి.

రెండోది ఆన్‌లైన్‌లో అందరికీ కనిపించే ఒక షీట్. ఎనభై మందీ చూడొచ్చు, మార్చగలిగేది మీ ఆరుగురే. కుక్కకి ఒక వరస: పేరు, బరువు తేదీతో సహా, టీకా తేదీ, పురుగుల మందు తేదీ, ఆపరేషన్ అయిందా, మైక్రోచిప్ నంబరు, ఇప్పుడు ఎవరింట్లో ఉంది, బాధ్యులెవరు, ఎవరికైనా మాటిచ్చామా. కార్డు ఫొటో గ్రూపులో పెట్టినా పెట్టకపోయినా షీట్‌లో ఎక్కితేనే అయినట్టు లెక్క. ఇది మొదట్లో అందరికీ విసుగనిపిస్తుంది, మాలో ఒకరిద్దరు అలిగారు కూడా, నెల తిరిగేసరికి వాళ్లే షీట్ తెరిచి పెట్టుకుని ఫోన్ ఎత్తడం మొదలుపెట్టారు.

మైక్రోచిప్ గురించి ఒకటి. చాలామంది దాన్ని జీపీఎస్ అనుకుంటారు, కాదు. అది కుక్క చర్మం కింద పెట్టే చిన్న చిప్, అందులో ఉండేది 15 అంకెల నంబరు, స్కానర్ దగ్గరగా పెడితేనే కనిపిస్తుంది. ఆ నంబరు కింద ఫోన్ నంబరు నమోదు కాకపోతే ఆ చిప్ ఉన్నా లేనట్టే. కుక్క చేతులు మారిన రోజే నమోదు మార్చాలి, అదీ బాధ్యుడి పనే. వచ్చిన పదకొండింటినీ కూడా స్కాన్ చేయించండి. మా దగ్గరకు "వదిలేసిన కుక్క" అని వచ్చిన ఒక యార్కీకి (యార్క్‌షైర్ టెరియర్) చిప్ దొరికింది, రెండేళ్లుగా వెతుకుతున్న పెద్దావిడ ఒకరు బయటపడ్డారు.

షిట్జు తల్లి సంగతి కింద రాస్తాను, దానికి తీరుబడిగా రాయాలి.

రెండుపట్టీలు:

నేను బండి నడిపేవాడిని, కుక్కల్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చడమే నా పని. పొమ్ పారిపోవడం చదివి గుండె ఆగినంత పనైంది. అండీ, బయట, ఆరుబయట, ఎప్పుడూ చేతులు మార్చకండి. కుక్కని క్రేట్‌తో (మూత ఉన్న పంజరం లాంటి పెట్టె) సహా మార్చండి, లేదా ఒక కారులోకి ఇద్దరూ ఎక్కి, నాలుగు తలుపులూ వేశాక మార్చండి. పొమ్‌లకి బొచ్చు ఎక్కువ కాబట్టి మెడపట్టీ బిగుతుగా ఉన్నట్టే కనిపిస్తుంది, తీరా చూస్తే రెండు వేళ్ల స్థానంలో నాలుగు వేళ్లు పడతాయి. కొత్త కుక్కకి నేను రెండు లీష్‌లు వేస్తాను, ఒకటి హార్నెస్‌కి (ఛాతీ చుట్టూ వేసే పట్టీ), ఒకటి మెడపట్టీకి, రెండో దాని కొస నా నడుముకి. చేయి జారినా నడుము జారదు.

ఒకవేళ మళ్లీ ఎప్పుడైనా తప్పించుకుంటే, వెంటపడకండి, పేరు పెట్టి అరవకండి. భయపడ్డ కుక్కకి పరుగెత్తే మనిషి ఎవరైనా ఒకటే. కింద కూర్చోండి, పక్కకి తిరిగి, తిండి నేల మీద పడేస్తూ ఉండండి. కనపడకుండా పోతే అది తప్పిపోయిన చోటే దాని పరుపో, దాన్ని చూసుకునే మనిషి వేసుకున్న చొక్కానో పెట్టి, తిండీ నీళ్లూ ఉంచండి. చిన్న కుక్కలు చాలాసార్లు దూరం పోవు, దగ్గర్లోనే పొదలోనో కారు కిందో నక్కి ఉంటాయి. గ్రూపులో నలభై మంది టార్చిలైట్లతో బయల్దేరితే అది ఇంకా దూరం పోతుంది. ఇద్దరు చాలు, మిగతావాళ్లు ఫొటోలు అంటించనివ్వండి.

క్లినిక్‌లో ఉంటా:

వెట్ దగ్గర అసిస్టెంట్‌గా చేస్తున్నాను, డాక్టర్‌ని కాదు. ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అడుగుతున్నాను: ఆ పదకొండులో ఆడవెన్ని? ఆపరేషన్ కాని మగవాటితో కలిసి ఉన్నాయా? కుక్క గర్భం దాదాపు 63 రోజులు, 25 రోజులు దాటితే స్కానింగ్‌లో తెలుస్తుంది. మీ దగ్గరకొచ్చి మూడు వారాలే కాబట్టి వచ్చే వారం ఆడవాటన్నిటికీ స్కానింగ్ చేయించండి. ఇంకో సంగతి, మగకుక్కకి ఆపరేషన్ అయిన రోజే సమస్య తీరిపోదు, కొన్ని వారాల పాటు దానివల్ల గర్భం రావచ్చు, అప్పటిదాకా విడిగా ఉంచాలి.

కొత్తగా వచ్చినవాటిని 14 రోజులు పాత కుక్కలతో కలపకండి. పార్వో అనే ప్రమాదకరమైన వైరస్ సోకాక లక్షణాలు బయటపడటానికి మామూలుగా వారం లోపే పడుతుంది, ఒక్కోసారి రెండు వారాలు. ఆ వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, మామూలు సబ్బుతో పోదు. ముందు మురికంతా కడిగేసి, తర్వాత ఒక వంతు బ్లీచ్‌కి 30 వంతుల నీళ్లు కలిపి తుడిచి, పది నిమిషాలు తడిగా ఉంచాలి. పార్వో వచ్చిన ఇంటికి టీకాలు పూర్తికాని కుక్కపిల్లని ఫోస్టర్‌కి (కొత్త ఇల్లు దొరికేదాకా ఉంచుకోవడానికి) పంపకూడదు, ఈ విషయం కూడా షీట్‌లో ఇంటి పేరు పక్కన రాసుకోవాలి. (టీకా రెండుసార్లు పడిందని టెన్షన్ పడకండి, మామూలుగా ఏం కాదు, డాక్టర్‌కి చెప్పి తర్వాతి తేదీ సరిచేయించుకోండి.)

చిన్న జాతుల్లో దాదాపు అన్నిటికీ పళ్ల బాధ ఉంటుంది. మొహం ముద్దుగానే ఉంటుంది, పెదవి ఎత్తితే గోధుమరంగు పాచి, ఎర్రగా ఉబ్బిన చిగుళ్లు. "మనుషులంటే భయం, అందుకే తినట్లేదు" అనుకున్న కుక్కకి మా దగ్గర ఏడు పళ్లు తీశారు, మర్నాడు సాయంత్రానికి గిన్నె నాకేసింది. మీ షిట్జుకి ముందు నోరు చూపించండి. గోళ్లు ఇంట్లో ఒకేసారి మొత్తం కత్తిరించకండి, అంత పెరిగినవాటిలో రక్తనాళం కూడా ముందుకొచ్చి ఉంటుంది.

పొమ్‌లకి, యార్కీలకి గాలిగొట్టం బలహీనంగా ఉండే అవకాశం ఎక్కువ, మెడపట్టీ లాగితే బాతు అరిచినట్టు దగ్గుతాయి. అందుకే హార్నెస్. పగ్‌నీ షిట్జునీ ఎండలో కారులో ఒక్క క్షణం కూడా వదలకండి, పొట్టి ముక్కు కుక్కలు వగర్చి ఒంటి వేడి సరిగా తగ్గించుకోలేవు. బాగా చిన్న కుక్కపిల్ల ఉన్నట్టుండి మెత్తబడి తూలుతుంటే రక్తంలో చక్కెర పడిపోయి ఉండొచ్చు, చిగుళ్లకి కాస్త తేనె రాసి వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి. ఇవన్నీ ప్రతి ఫోస్టర్ ఇంట్లో గోడ మీద అంటించి ఉండాలి, రాత్రి రెండు గంటలప్పుడు గ్రూపులో వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

పాతఫోస్టర్:

ఇప్పుడు షిట్జు తల్లి. ఇప్పుడే ఇవ్వకండి. ఆ ఇద్దరూ ఎంత మంచివాళ్లైనా సరే.

ఏడేళ్లు పంజరంలో ఉండి పిల్లల్ని కన్న కుక్కకి ఇల్లంటే ఏమిటో తెలియదు. గడప దాటడం తెలియదు, మెట్లు తెలియవు, టీవీ చప్పుడు తెలియదు, మనిషి చేయి అంటే పట్టుకుని ఎత్తేది అనే తెలుసు. మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని మనవాళ్లు ఒక లెక్క చెప్పుకుంటారు కదా, బెదురు తగ్గడానికి, అలవాటు పడటానికి, ఇది నా ఇల్లు అనుకోవడానికి. ఇలాంటి తల్లులకి ఆ లెక్క చాలదు. ఒకదానికి నాకు తొమ్మిది నెలలు పట్టింది.

మెషీన్ వెనక నుంచి లాగకండి. కానీ ఆ సందు మూసేసి, దానికి బదులు అదే గదిలో పక్కకి తిప్పిన క్రేట్ మీద దుప్పటి కప్పి ఇవ్వండి, వైర్ల మధ్య కంటే అది నయం. గిన్నె పెట్టి బయటికి వెళ్లిపోకండి, పెట్టాక గదిలో ఆ చివర నేల మీద కూర్చుని పుస్తకం చదువుకోండి, దాని వంక చూడకండి. రోజూ అదే వేళ, అదే చోటు. వారానికి ఒక అడుగు దగ్గరికి జరగండి. ఇంట్లో ధైర్యంగా ఉండే కుక్క ఇంకోటి ఉంటే సగం పని అదే చేస్తుంది, మన మాట కంటే దాని తోక మీదే వీటికి నమ్మకం ఎక్కువ.

ఆ ఇద్దరినీ వద్దనకండి, వచ్చి మీ ఇంట్లో నేల మీద గంట కూర్చోమనండి. కుక్క బయటికి రాకపోయినా రెండోసారి మళ్లీ వచ్చేవాళ్లెవరో చూడండి. చిన్న పిల్లలున్న ఇల్లా, పెద్ద కుక్క ఉన్న ఇల్లా అడగండి. బుజ్జి కుక్కల ముందుకాళ్ల ఎముకలు సన్నగా ఉంటాయి, సోఫా మీంచి దూకినా, పిల్లాడి చేతిలోంచి జారినా విరుగుతాయి. కాగితం మీద ఒక్క షరతు మాత్రం తప్పకుండా రాయించుకోండి: ఏ కారణంతోనైనా, ఎన్నేళ్లకైనా, ఉంచుకోలేకపోతే తిరిగి మీకే ఇవ్వాలి, ఇంకెవరికీ ఇవ్వకూడదు. తిరిగొస్తే తిట్టకుండా తీసుకోండి, తిడతారని భయపడితే చెప్పకుండా ఎక్కడో వదిలేస్తారు.

నిద్రలేనిది:

నాది ఒక్క మాటే. ఈ పదకొండూ తేలేదాకా పన్నెండోది తీసుకోకండి. నేను కాదనలేక పందొమ్మిది ఒకే ఇంట్లో పెట్టుకున్నాను, ఒకదానికి జబ్బు చేసినట్టు మూడు రోజులు గమనించనే లేదు, అది పోయింది. దాని పేరు ఇక్కడ రాయడానికి ఇప్పటికీ నాకు చేయి రాదు. పక్క వేసి ఉంచిన ఇల్లు చేతిలో ఉంటేనే ఊఁ అనండి. కాదన్నప్పుడు ఊరికే కాదనకుండా, ఉంచుకోగల ఇంకో బృందం నంబరు ఇవ్వండి.

తెల్లబొచ్చు:

అందరికీ చాలా చాలా థాంక్స్. నిన్న రాత్రి ఆరుగురం కూర్చుని పేర్లు పంచుకున్నాం. పగ్ విషయంలో రెండు కుటుంబాలకీ ఫోన్ చేసి క్షమించమని అడిగాను, ఒకరు కోప్పడ్డారు, కోప్పడాల్సిందే. స్కానింగ్‌కి సోమవారం నుంచి రోజుకి రెండు. గ్రూపులో పన్నెండో కుక్క గురించి మెసేజ్ అప్పుడే వచ్చింది, మా దగ్గర చోటు లేదని రాసి ఇంకో నంబరు ఇచ్చాను, రాస్తుంటే ఏడుపొచ్చింది.

షిట్జు నోరు చూపించాం. నాలుగు పళ్లు కదులుతున్నాయి, చిగుళ్ల కింద చీము. రక్తపరీక్షలు బాగుంటే శుక్రవారం తీస్తామన్నారు. నొప్పికి మందు ఇచ్చారు, అక్కడే గోళ్లు కూడా కొంచెం కత్తిరించారు. క్రేట్ దుప్పటి కప్పి పెట్టాను, సందుకి అట్టపెట్టె అడ్డం పెట్టాను.

పాతఫోస్టర్ గారూ, నిన్న మీరు చెప్పినట్టే లైట్ వేసి ఉంచి గది ఆ చివర కూర్చున్నాను. నలభై నిమిషాలు ఏం జరగలేదు. తర్వాత గిన్నె చప్పుడైంది. నేను తల తిప్పలేదు. పేజీ తిప్పితే బెదురుతుందేమోనని అదే పేజీ పట్టుకుని కూర్చున్నాను. ఈ రోజు షీట్‌లో దానికి ఎదురుగా బాధ్యులు అన్న చోట నా పేరు రాశాను.