వంటగట్టుకు మైక్రోసిమెంట్ వేయించవచ్చా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి): పాత టైల్స్ గట్టు పగలగొట్టకుండా పైనే మైక్రోసిమెంట్ పూయిద్దామని మా అబ్బాయి పట్టుబడుతున్నాడు. స్నానాలగదిలో వాష్‌బేసిన్ గట్టుకూ అదేనట. వేయించినవాళ్లు చెప్పండి.

నల్లరాయి (బరంపురం): వద్దు. సిమెంటు, పాలిమర్, సన్న ఇసుక కలిపి రెండు మూడు మిల్లీమీటర్ల మందాన వేసే పూత అది. పక్కనే టెక్కలిలో గ్రానైట్ ఉండగా మీకు పూతలెందుకు? మా స్నానాలగదిలో వేయించాను. కుళాయి మొదట్లో, నీళ్లు దిగకుండా పైన పూసే సీలర్ లేచి వేలెడంత నల్లమచ్చ పడింది. గుత్తేదారు ఫోన్ ఎత్తడు.

గచ్చు (రాయగడ): అది సీలర్ తప్పు. పాలీయురేథేన్ సీలర్ రెండు చేతులు వేసి సరిగ్గా ఆరనిస్తే నీళ్లు దిగవు. కింది టైల్స్ మాత్రం కదలకూడదు. అవి కదిలితే పైన పగులు ఖాయం.

నల్లరాయి: పొయ్యి మీద నుంచి దించిన మూకుడు నేరుగా పెట్టవచ్చా?

గచ్చు: కింద చెక్క పెట్టుకోవాలి.

నల్లరాయి: పెట్టవచ్చా, కూడదా?

పనసపొట్టు: సీలర్ గీసుకుపోయిన చోట చింతపండు పులుసు ఒలికితే సిమెంటును తినేస్తుంది. పసుపు మరక సరేసరి.

గచ్చు: వెంటనే తుడిస్తే సరి. గ్రానైట్ మీద నూనె మరకలు పడవా?

నల్లరాయి: మూకుడు సంగతి దాటవేశారు.

గచ్చు: మూకుడు, మూకుడు! పెట్టకూడదు, సరేనా? వేడికి సీలర్ పాడవుతుంది. తమరి కోపం మూకుడు మీద కాదు, ఫోన్ ఎత్తని ఆ మనిషి మీద.

నల్లరాయి: అవును, అతని మీదే! విశాఖ నుంచి వచ్చి పూసి వెళ్లాడు. మా ఊరి మేస్త్రీ దాన్ని చూసి చెయ్యి పెట్టనన్నాడు. కొన్నేళ్లకొకసారి సీలర్ మళ్లీ వేయాలి కదా, ఇక్కడ ఎవరు వేస్తారు? రాయి పగిలితే వీధి చివరి కోత మిషనువాడే వస్తాడు.

గచ్చు: అంటే విశాఖలో, భువనేశ్వర్‌లో దొరికేది మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దు ఊళ్లకు అక్కర్లేదా? అటువాళ్లకూ ఇటువాళ్లకూ పట్టనివాళ్లం. ఎవరూ వేయించకపోతే మన మేస్త్రీలు ఎప్పటికి నేర్చుకుంటారు?

నల్లరాయి: నేర్పండి, మీ ఇంటి గట్టు మీద.

గచ్చు: అక్కడే నేర్పాను. ఇద్దరు తాపీవాళ్లకు పని వచ్చింది.

మహేంద్రతనయ: వాళ్లు గుణుపురం మీదుగా మా ఊరు వస్తారా? ముందు స్నానాలగది చూపిస్తాను. వంటింటికి మాత్రం రాయే. మా అత్తగారు మూకుడు కింద చెక్క పెట్టే మనిషి కాదు.

నల్లరాయి: మొదటి నుంచీ నేను మొత్తుకున్నది అదే.

గచ్చు: వస్తారు. చెక్క కూడా పంపిస్తాను.