సున్నంలో నిలిచే ఆకుపచ్చ ఏది?
హన్మకొండలో మాది పాత ఇల్లు. అమ్మ ఉండే గదికి లేత ఆకుపచ్చ వేయిద్దామనుకుంటున్నం. ఆమెకు ఆయాసం, పెయింట్ వాసన పడదు, అందుకే సున్నమే వేయాలని నా పట్టు. పెయింటరేమో "ఇప్పుడు సున్నం ఎవరేస్తున్నరు సార్, ఎమల్షన్ పెయింట్ కొట్టేద్దాం" అంటున్నడు. పసుపు సున్నంలో కలిస్తే ఎర్రబడుతది, ఆకు పసర్లు ఎండకు వెలిసిపోతయి. మరి నిలిచే ఆకుపచ్చ పొడి ఏది, వరంగల్‌లో ఎక్కడ దొరుకుతది? ఒక గోడకు ఇదివరకే ప్లాస్టిక్ పెయింట్ ఉంది. దానిమీద సున్నం సరిగా పట్టదు కదా, మొత్తం గీకించాల్నా?

కింద పరచడానికి కొత్తవాడ జంపఖానా తీసుకోవాలని ఉంది, 2018లో జీఐ (ఫలానా ఊరి ప్రత్యేక సరుకు అనే) గుర్తింపు వచ్చిన మన వరంగల్ దర్రీలే. నూలువి, సహజ రంగులవి నేరుగా నేతగాళ్ల దగ్గర కొన్నవాళ్లుంటే ధర చెప్పండి. గది అలంకరణకు ప్లాస్టిక్ ఆకుల తీగలు మాత్రం చెప్పకండి, దుమ్ము దులపలేక చస్తం.