బనావే మునిసిపాలిటీ డబ్బు: కూలిన గోడలకా, పై కాలువలకా?

గట్టుతగువు:
బనావే మెట్ల వరి పొలాల మాట ఎత్తితే అందరూ ఫొటోల దగ్గరే ఆగిపోతున్నారు. పద్దు దగ్గర మొదలుపెడదాం. ఫిలిప్పీన్స్‌లో లూజాన్ దీవి ఉత్తర కొండల్లో ఇఫుగావో ప్రావిన్సు, అందులో 11 మునిసిపాలిటీలు, వాటిలో బనావే ఒకటి. 18 బరాంగైలు (మన పంచాయతీల్లాంటివి), జనం దాదాపు 20 వేలు, మనీలా నుంచి బస్సులో ఒక రాత్రి ప్రయాణం. 1995లో యునెస్కో గుర్తించిన ఐదు మెట్ల పొలాల సముదాయాల్లో బటాడ్, బంగాన్ ఈ మునిసిపాలిటీవే. 20 పెసోల నోటు వెనక బనావే మెట్ల బొమ్మ ఉంటుంది. కానీ ఊరి పక్కన వ్యూపాయింట్ నుంచి కనిపించే మెట్లు ఆ ఐదింటిలో లేవు! ప్రశ్న ఒక్కటే: మునిసిపాలిటీ చేతిలో ఉన్న కాస్త డబ్బు ముందు దేనికి పెట్టాలి? మెట్లను నిలిపే గోడలు కూలితే కట్టడానికా, పైనుంచి నీళ్లు తెచ్చే కాలువలకా?

నీటివాటా:
కాలువలకే. గోడ ఊరికే కూలదు, మడి ఎండితేనే కూలుతుంది. ఇఫుగావో పద్ధతిలో కోత అయ్యాక కూడా మడిలో నీళ్లు నిలిపే ఉంచుతారు. కాలువ తెగి మడి ఎండిందా, బంకమన్ను నెర్రెలు విచ్చుతుంది. తడి ఆరిన మట్టిలోకి పెద్ద వానపాములు దిగి గట్టులోపల బొరియలు చేస్తాయి. తర్వాత తుఫాను వాన పడగానే ఆ నీరంతా నెర్రెల్లోంచి గోడ వెనక్కి చేరుతుంది. గోడ మొదట ఉబ్బి, ఆపైన జారుతుంది. ఒక మడి జారితే ఆ మట్టి కింది మడి మీద పడుతుంది కాబట్టి నష్టం ఒక్కదానితో ఆగదు. 2011లో వరస తుఫానుల తర్వాత బటాడ్‌లో మెట్లు కూలాయి. కాలువ చేయకుండా గోడ కడితే మళ్లీ అదే చోట కూలుతుంది.

రాతికట్టు:
నీటివాటా గారూ, కారణం మీరు చెప్పిందే. కానీ కూలిన చోటును రెండు వానాకాలాలు వదిలేస్తే పైమడి కాలికింద నేల కూడా పోతుంది. అప్పుడు కాలువ ఉన్నా నీళ్లు పారించడానికి మడి ఉండదు.

గోడ కట్టడమంటే ఏమిటో చూద్దాం. ముందు పైమడి నీళ్లను పక్కకు మళ్లించాలి. జారిన మట్టిలోంచి పైపొర సారవంతమైన మట్టిని తీసి వేరే కుప్ప పోయాలి, దాన్ని అడుగున కలిపేస్తే తర్వాత చాలా పంటలు దెబ్బతింటాయి. గట్టినేల తగిలేదాకా తవ్వి, అన్నిటికన్నా పెద్ద రాళ్లు అడుగున, పొడుగు భాగం కొండలోపలికి పోయేలా పేర్చాలి. గోడ కొండవైపు కాస్త వాలి ఉండాలి. ఒక్కో వరస లేచేకొద్దీ వెనక గులకరాళ్లు నింపాలి. ఊట నీరు దిగే దారి అదే. ఆపైన బంకమన్ను దిమ్మిసాతో కొట్టి, చివర్న దాచిన పైమట్టి పరిచి దమ్ము చేయాలి. నీళ్లు ఒక్కసారిగా పెట్టకూడదు, కొద్దికొద్దిగా నింపాలి.

సిమెంటు వేస్తే చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, కానీ ఊట బయటికి రాలేదు. వెనక నీటి ఒత్తిడి పెరిగి గోడ మొత్తం ఒకే పలకలా పడుతుంది. రాతిపేర్పు అయితే ఒకచోట ఉబ్బుతుంది, ఆ ముక్క మటుకు విప్పి కట్టుకోవచ్చు.

లెక్కలపద్దు:
ఇద్దరూ డబ్బు ఉందనుకుని మాట్లాడుతున్నారు. చిన్న మునిసిపాలిటీకి ప్రధాన ఆదాయం కేంద్ర పన్నుల వాటా. ఆ వాటా పంపకంలో జనాభాకు 50 శాతం, విస్తీర్ణానికి 25, అందరికీ సమానంగా 25. ప్రపంచ వారసత్వం అన్నదానికి అందులో ఒక్క మార్కూ లేదు. పిల్లలు బాగియోకో మనీలాకో వలస పోతే వాటా తగ్గుతుంది కూడా. 2018 ఫిలిప్పీన్స్ సుప్రీంకోర్టు తీర్పుతో 2022 నుంచి వాటా పెరిగింది, నిజమే. దాంతోపాటు కేంద్రం చేసే పనులు కొన్ని కిందికి దించారు.

ఆ వాటాలో 20 శాతం అభివృద్ధి పనులకు. విపత్తు నిధికి ఆదాయంలో కనీసం 5 శాతం. ఆ 5లో 30 శాతం తక్షణ సాయానికి పక్కన పెట్టాలి, మిగతా 70 ముందు జాగ్రత్తకు వాడొచ్చు. నా ఓటు ఏమిటంటే కాలువ పూడికతీత, చిన్న కట్టల మరమ్మతు ఈ 70లోంచి రావాలి. 2022 జూలైలో బనావే పట్టణంలోకే వరద, బురద దిగాయి. అది చూశాక దీన్ని విపత్తు పని కాదనేవాళ్లుండరు.

గట్టుతగువు:
బాగుంది. కానీ ప్రభుత్వ డబ్బంటే కాంట్రాక్టరు, కాంట్రాక్టరంటే సిమెంటు. కొలత లేకుండా బిల్లు పాస్ కాదు కదా?

లెక్కలపద్దు:
కొలత తప్పదు, కాంట్రాక్టరును మాత్రం తప్పించొచ్చు. అక్కడి కొనుగోలు నిబంధనల్లో సముదాయ భాగస్వామ్యం కింద టెండరు లేకుండా స్థానిక సంఘానికి పని అప్పజెప్పే వీలుంది. అంచనాలో "రాతిపేర్పు, ఇన్ని ఘనపు మీటర్లు" అని రాయించుకోవాలి. "రిటైనింగ్ వాల్" అని రాస్తే సిమెంటు తనంతట తానే వస్తుంది.

రాతికట్టు:
ఒక చిక్కుంది. ఇఫుగావోలో బదులు పనిని ఉబ్బు అంటారు, ఉచిత సాయాన్ని బడ్డాంగ్ అంటారు. మునిసిపాలిటీ ఒకరికి రోజుకూలి ఇచ్చిందంటే పక్కవాడు రేపు ఊరికే రాడు. రాళ్ల మోత, పనిముట్లు, భోజనాల ఖర్చు సంఘానికి ఇచ్చి, పని ఉబ్బు పద్ధతికే వదిలేయాలి.

నాటుమడి:
మీ గోడలూ కాలువలూ సరే, మడిలో ఎవరు దిగుతారు? 2001లో యునెస్కో వీటిని ప్రమాద జాబితాలో పెట్టినప్పుడు నాలుగో వంతుకు పైగా మెట్లు పాడుబడి ఉన్నాయని చెప్పింది. 2012లో జాబితా నుంచి తీశారు, అంతమాత్రాన కూలీలు తిరిగి రాలేదు. టినావోన్ అనే అక్కడి నాటు వరి ఏడాదికి ఒక్కటే పంట. చలికాలం మొదట్లో నారు పోసి, జనవరి, ఫిబ్రవరిల్లో నాటి, జూన్, జూలైల్లో వెన్ను వెన్నూ చేత్తో కోయాలి. అందుకే కొందరు పినిద్వా అని రెండు పంటల రకాలకు మారారు. అప్పుడు గట్టుకు ఏడాదికి రెండుసార్లు పార దెబ్బ, విరామం లేదు.

పైగా నత్తలు. 1980ల్లో తిండికోసం తెచ్చిన గోల్డెన్ యాపిల్ నత్త లేతనారును రాత్రికి రాత్రి తినేస్తుంది. నాటిన మొదటి రెండు వారాలు నీళ్లు తీసి పలచగా ఉంచితే అది కదల్లేదు.

నీటివాటా:
ఆ సలహా మైదానం పొలాలకు! మెట్లమీద నీళ్లు తీసేస్తే నెర్రెలు, వానపాములు, నేను పైన చెప్పిందంతా మళ్లీ మొదలు. మడి మధ్యలో చిన్న బోదె తీసి, నత్తలన్నీ అందులోకి చేరాక పొద్దునా సాయంత్రం ఏరితే చాలు. నీళ్లు వచ్చే తూము దగ్గర సన్నకంత జాలీ కట్టాలి, గులాబీరంగు గుడ్లగుత్తులు గీకేయాలి. ముదురు నారు నాటితే నష్టం ఇంకా తగ్గుతుంది. విషం మందు వేస్తే అదే మడిలో తిండికి ఏరుకునే నాటు నత్తలూ చస్తాయి.

నాటుమడి:
ఏరడానికి మనుషులు కావాలనేగా నా గోల!

లెక్కలపద్దు:
మనుషులు ఉండిపోవాలంటే అడవి హక్కు కూడా తేలాలి. మెట్ల పైన ఉండే ముయోంగ్ కుటుంబాల సొంత చెట్ల తోట, ఊట నిలిచేది దానివల్లే. కానీ అక్కడి 1975 అడవి చట్టం ప్రకారం 18 శాతం మించిన వాలు భూమికి పట్టా కుదరదు. తాతలు పెంచిన చెట్టు నరకాలన్నా పర్మిట్ కావాలి. 1997 ఆదివాసీ హక్కుల చట్టం దారి చూపింది, కాగితాలు మాత్రం ఆలస్యం. మునిసిపాలిటీకి పెద్దగా ఖర్చు లేని పని ఒకటుంది. ఏ కాలువ ఏ ముయోంగ్ ఊట నుంచి మొదలై ఏ మడులకు పోతుందో బరాంగైవారీగా మ్యాపు గీయించి పెట్టుకోవడం. అది ఉంటే ఈ చర్చలో తగువు సగం అక్కర్లేదు, ఏ గోడ ముందు కట్టాలో మ్యాపే చెబుతుంది.

నీటివాటా:
మ్యాపుకు ఒప్పుకుంటా. గీసేది మాత్రం వేసవిలో, కాలువల్లో నీళ్లు తగ్గినప్పుడు. వానల్లో అన్ని కాలువలూ పారుతున్నట్టే కనిపిస్తాయి.