పంప్కిన్ ప్యాచ్‌కి టికెట్ కొని వెళ్ళే బదులు ఆ డబ్బు ఫార్మర్స్ మార్కెట్‌లో పెడితేనే రైతుకి మేలు. మీరేమంటారు?

ఎడిసన్_నాన్న:

మొన్న శనివారం ఇంటిల్లిపాదీ ఒక పంప్కిన్ ప్యాచ్‌కి, అంటే గుమ్మడి తోటకి, వెళ్ళొచ్చాం. ఇక్కడ న్యూజెర్సీలోనే, మా ఇంటి నుంచి నలభై నిమిషాలు. తలకి 22 డాలర్ల టికెట్, రెండేళ్ళ పాపకి కూడా. పార్కింగ్ వేరే. లోపలికి వెళ్ళాక కాయని తూకం వేసి మళ్ళీ డబ్బు. పిల్లలు సరదా పడతారని అన్నీ కట్టాను. డబ్బు పోతే పోయింది గానీ, తోట అని చెప్పిన చోట తీగ అన్నదే కనపడలేదండి. ఎక్కడో కోసి లారీలో తెచ్చిన కాయల్ని గడ్డి మీద వరసగా పరిచారు, అంతే. మావాడికి ఏడేళ్ళు. ఒక కాయని అటూ ఇటూ దొర్లించి చూసి "నాన్నా, దీని చెట్టేది?" అని అడిగాడు. ఏం చెప్పాలో నాకు తోచలేదు.

నా చిన్నప్పుడు హైదరాబాద్‌లో మా నాన్న వెంట ఎర్రగడ్డ రైతు బజారుకి వెళ్ళేవాణ్ణి. 1999లో రైతు బజార్లు మొదలయ్యాక మా ఇంట్లో కూరగాయలన్నీ అక్కడివే. బోర్డు మీద ఆ రోజు ధరలు రాసి ఉండేవి, రైతే తెల్లారుజామున మూటలేసుకుని వచ్చి కూర్చుని అమ్మేవాడు. మా నాన్న ప్రతి ఒక్కరినీ "ఏ ఊరండీ మీది?" అని అడిగాకే సంచీ తెరిచేవాడు. అలాంటి చోటు ఇక్కడా ఉంది. లారెన్స్‌లో ట్రెంటన్ ఫార్మర్స్ మార్కెట్ దశాబ్దాలుగా నడుస్తోంది, చుట్టుపక్కల పండించేవాళ్ళు వచ్చి అమ్ముతారు, ఈ నెలలో వెళితే ఆపిల్స్, బటర్‌నట్ అనే గుమ్మడి, చిలగడదుంపలు, క్యాబేజీ, చివరి కోత వంకాయలు, టికెట్ లేదు. అందుకే నేననేది, మనవాళ్ళు అక్టోబర్‌లో ప్రతి వీకెండ్ ఫోటోల కోసం ప్యాచ్‌లకి పోవడం మానేసి ఆ డబ్బు మార్కెట్‌లో పెడితే రైతుకీ మంచిది, మన వంటింటికీ మంచిది. ఒప్పుకోనివాళ్ళు ఎందుకో చెప్పండి.

బతుకమ్మ_బాల్టిమోర్:

నేను ఒప్పుకోను అన్నా. మీరు వెళ్ళిన చోటు అలా ఉందని అన్నింటినీ ఒకే గాటన కట్టొద్దు. మేము ఏటా బతుకమ్మకి పువ్వులు కోసుకొచ్చేది ఇలాంటి పొలం నుంచే. తంగేడు ఇక్కడ దొరకదు, దాని మీద ఆశ వదులుకున్నాం. కానీ బంతి దొరుకుతుంది, గునుగు కూడా దొరుకుతుంది! ఇక్కడివాళ్ళు సెలోషియా అంటారు. కత్తెర, బకెట్ చేతికిస్తారు, బకెట్‌కి ఇంత అని తీసుకుంటారు. మొదటి ఏడాది మా అత్తమ్మ ఆ సాళ్ళ మధ్య నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, ఒక పువ్వు తెంపి వేళ్ళ మధ్య నలిపి చూసి "ఇది మన గునుగేనే" అన్నది. అమెరికా వచ్చిన రెండు నెలల్లో ఆమె ముఖం అంత వెలిగింది అప్పుడే.

ఇంకొకటి. బతుకమ్మ కింద పరచడానికి గుమ్మడి ఆకులు, గౌరమ్మకి గుమ్మడి పువ్వు కావాలి కదా. మార్కెట్‌లో కాయ అమ్ముతారు, ఆకు ఎవరు అమ్ముతారు? తీగ ఉన్న పొలానికే పోవాలి. అప్పటికే చాలా ఆకుల మీద బూడిద తెగులు తెల్లగా పట్టేసి ఉంటుంది, వంగి ఏరుకోవాలి. ఎందుకని అడిగితే పండగ గురించి చెప్పాం, ఆ రైతు భార్య ఆకులకి డబ్బు తీసుకోలేదు. కాబట్టి టికెట్ కొనే ముందు ఒక ఫోన్ కొట్టి "కాయలు మీ పొలంలోవేనా, తీగ మీద ఉన్నాయా" అని అడగండి, అంతేగానీ పోవడమే మానేయమంటే ఎలా?

బక్స్_కౌంటీ_పొలంగట్టు:

అక్క చెప్పింది కరెక్ట్. నేను ఐదేళ్ళుగా ఇక్కడ ఒక చిన్న రైతుకి సీజన్ మొదట్లోనే డబ్బు కట్టి వారం వారం కూరగాయల పెట్టె తెచ్చుకుంటున్నాను, వీలున్నప్పుడు వెళ్ళి పని కూడా చేస్తాను, అందుకని వాళ్ళ లెక్క కొంచెం దగ్గర నుంచి చూశాను. గుమ్మడి జూన్‌లో విత్తితే కాయ పండటానికి సుమారు వంద రోజులు. అమ్ముకునేది మాత్రం సెప్టెంబర్ చివర నుంచి అక్టోబర్ 31న హాలోవీన్ పండగ దాకానే, ఇక్కడ గుమ్మాల ముందు కాయలు పెట్టేది దానికే. నవంబర్ 1 పొద్దున అదే కాయని ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాళ్ళు అరుదు. చేతిలో ఉండేవి ఐదు వీకెండ్లు. అందులో రెండు శనివారాలు వాన పడితే ఆ ఏడాది గుమ్మడి మీద పెట్టిందంతా నేలపాలు.

అమెరికాలో జనం తిండికి పెట్టే ప్రతి డాలరులో పొలం దాకా చేరేది సుమారు 15 సెంట్లే, మిగతాదంతా ప్యాకింగ్, రవాణా, షాపులు, హోటళ్ళ దగ్గర ఆగిపోతుంది. గేటు దగ్గర మీరు కట్టిన టికెట్ అలా కాదు, నేరుగా రైతు చేతికి వెళుతుంది. న్యూజెర్సీలో సాగులో ఉన్న నేలకి సాగు విలువ మీదే పన్ను వేసే చట్టం 1964 నుంచి ఉంది, నేల పొలంగానే మిగలాలని ప్రభుత్వం దాని మీద ఇళ్ళు కట్టే హక్కుని కొనేసే ఏర్పాటు 1983 చట్టంతో వచ్చింది. ఇన్ని ఉన్నా పొలం పక్కన గోడౌన్లు లేస్తూనే ఉన్నాయి. నాకు తెలిసిన ఈ రైతు హే రైడ్ అనే గడ్డి బండి సవారీ, మొక్కజొన్న చేనులో దారి వెతుక్కునే ఆట పెట్టాకే ట్రాక్టర్ అప్పు తీర్చగలిగాడు. పిల్లలు గడ్డి బండి ఎక్కితే తప్పేంటండీ?

ఎడిసన్_నాన్న:

వంద రోజులు, ఐదు వీకెండ్ల లెక్క నాకు తెలియదు, మనసుకి పట్టింది. టికెట్ డబ్బుతో పొలం నిలబడితే నేనూ సంతోషంగా కడతాను. కానీ అది పొలం అయినప్పుడు. లారీ కాయలు పరిచి గేటు పెట్టినవాడికీ, ఎండలో కలుపు తీసినవాడికీ మనం ఒకే టికెట్ కొంటున్నాం, తేడా కనుక్కునే ఓపిక మనలో ఎంతమందికి ఉంది?

కాయ సంగతి కూడా ఆలోచించండి. పోయినేడు తెచ్చినదాన్ని చెక్కి గుమ్మం ముందు పెట్టాం. పది రోజులకి ఒక పక్కకి కుంగిపోయింది, ఎత్తబోతే అడుగు ఊడిపోయి గుజ్జంతా చెప్పుల మీద పడింది. అప్పుడే వీడియో కాల్‌లో ఉన్న మా అమ్మ చూసి, అంత కాయ ఒక్క పూట కూరకి కూడా రాలేదా అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది. దసరాకి మనమూ బూడిద గుమ్మడికాయ కొడతాం నిజమే, కానీ ఇంటికి ఒకటి. ఇక్కడ మా వీధిలో ఒక్కో గుమ్మం ముందు ఆరేసి ఉన్నాయి.

దప్పళం_పిన్ని:

బాబూ, ఆ కాయ కూరకి తెచ్చినా వచ్చేది కాదు. నేను వచ్చిన కొత్తలో అదే పొరపాటు చేశాను. చెక్కడానికి అమ్మే పెద్ద నారింజ కాయ వేరే జాతి, కుకుర్బిటా పెపో. లోపల కండ తక్కువ, పీచు, నీళ్ళు. దప్పళంలో వేస్తే ముక్క విడిపోయి పులుసంతా నూలు పోగుల్లా తయారైంది, మా ఆయన మాట్లాడకుండా తిని లేచాడు. మన తియ్య గుమ్మడి కుకుర్బిటా మోషాటా. బటర్‌నట్ కూడా ఆ జాతే. ఇల్లినాయిలో ఎకరాలకి ఎకరాలు పండించి డబ్బాల్లో పెట్టే డికిన్‌సన్ రకం కూడా అంతే, పంప్కిన్ పై అనే తీపి వంటకం ఇక్కడివాళ్ళు చేసుకునేది ఎక్కువగా ఆ డబ్బా గుమ్మడితోనే.

మార్కెట్‌కి వెళితే చీజ్ పంప్కిన్ అని అడుగు. బల్లపరుపుగా, నిలువు గాడులతో, లేత గోధుమ రంగులో జున్ను చక్రంలా ఉంటుంది, చూడగానే మన ఊరి కాయ గుర్తొస్తుంది. కాడ ఎండి గట్టిగా ఉండాలి, తొక్క మీద గోరు దిగకూడదు, కాడ పట్టుకుని మాత్రం ఎత్తొద్దు, విరిగితే అక్కడి నుంచే కుళ్ళు మొదలవుతుంది. చల్లని గదిలో పెడితే సంక్రాంతి దాకా ఆగుతుంది. నేను భోగి ముందు రోజు కోస్తాను. కత్తి దిగేటప్పుడు ఆ చప్పుడు, లోపల ఆ ముదురు నారింజ రంగు, ఆ తీపి వాసన... బెల్లం ఒక్క ముక్క చాలు, ఎక్కువ పట్టదు. ఇది ప్యాచ్‌లో నాకెప్పుడూ దొరకలేదు, మార్కెట్‌లో రైతుని అడిగితే మరుసటి వారం తెచ్చిపెట్టాడు. అందుకని నా ఓటు మార్కెట్‌కే.

ఎంఎస్_స్టూడెంట్_నెవార్క్:

అందరూ కారు ఉన్నవాళ్ళే మాట్లాడుతున్నారు. నాకు ప్యాచూ దూరమే, మార్కెట్ ధరలూ దూరమే. ఇక్కడ ఫార్మర్స్ మార్కెట్‌లో టమాటా సూపర్ మార్కెట్ కంటే ఎక్కువ చెప్పారు. నెలకి ఇంత అని లెక్కపెట్టుకుని బతికేవాళ్ళం రైతుకి మేలు చేయలేదని అనిపించుకోవాలా?

క్వీన్స్_గోంగూర:

తమ్ముడూ, ఆ మాట ఎవరూ అనరు. నువ్వు ట్రైన్‌లో మాన్‌హట్టన్ వచ్చి యూనియన్ స్క్వేర్ గ్రీన్‌మార్కెట్ చూడు, సోమ, బుధ, శుక్ర, శనివారాల్లో ఉంటుంది. 1976 నుంచి ఉంది. పండించినవాళ్ళే అమ్మాలి అన్నది వాళ్ళ నియమం, పైన ఎడిసన్ అన్న అడిగిన తేడా అక్కడ వాళ్ళే చూసుకుంటారు. మూసే ముందు గంటలో వెళ్ళు. దెబ్బ తగిలిన ఆపిల్స్, వంకర క్యారెట్లు, మచ్చ పడిన టమాటాలు విడిగా పెట్టి తక్కువకి ఇస్తారు, సెకండ్స్ ఉన్నాయా అని అడగాలి, అడగకపోతే చాలామంది చెప్పరు. పచ్చడికి మచ్చ ఏం అడ్డం?

ఇంకా మంచు పడే వారం కనిపెట్టుకుని ఉండు. మొదటి మంచుకి టమాటా తీగ మాడిపోతుంది, అందుకని రైతులు ముందు రోజే పచ్చికాయలన్నీ కోసేస్తారు. ఇక్కడివాళ్ళు వేపుడుకి నాలుగు కాయలు కొంటారేమో, మిగతాది బుట్టలకి బుట్టలు అలాగే ఉంటాయి. నేను పోయినేడు ఒక పెట్టె మొత్తం అడిగితే అంతా ఏం చేస్తావమ్మా అని అడిగాడు పెద్దాయన. మరుసటి వారం చిన్న సీసాలో పచ్చి టమాటా పచ్చడి పట్టుకెళ్ళి ఇచ్చాను. వేలితో నాకి చూసి, కళ్ళలో నీళ్ళు తిరిగి, నీళ్ళ సీసా అందుకుని, మళ్ళీ వేలు పెట్టాడు.

ఎడిసన్_నాన్న:

పచ్చి టమాటా మాట చదివి మా ఆవిడ ఫోన్ లాక్కుని మళ్ళీ చదివింది.

బాల్టిమోర్ చెల్లీ, నువ్వు చెప్పినట్టు ఇవాళ రెండు చోట్లకి ఫోన్ చేశాను. ఒకరు కాయలు బయట నుంచి వస్తాయని ఒప్పుకున్నారు. ఇంకొకరు, ఒక పెద్దావిడ, అరెకరమే వేశాం, పోయిన వారం వానకి కొంత కుళ్ళింది, ఉన్నవి తీగ మీదే ఉన్నాయి, బూట్లు వేసుకుని రండి అంది. టికెట్ మనిషికి 8 డాలర్లు. నా మొదటి మాటని కొంచెం మార్చుకుంటున్నాను, పొలమైతే టికెట్‌కి కడతాను, కానీ కాయ మాత్రం తినేదే కొంటాను, గుమ్మం ముందు పెట్టడానికి కాదు. ఈ రెండో మాట దగ్గర మాత్రం ఎవరు చెప్పినా తగ్గను.

ఆదివారం పొద్దున అక్కడికి, శనివారం లారెన్స్ మార్కెట్‌కి. పిన్నిగారూ, చీజ్ పంప్కిన్ ఎన్ని పౌన్లది తీసుకుంటే ఆరుగురికి దప్పళం సరిపోతుందో చెప్పండి, మా అమ్మానాన్నా వచ్చే వారం దిగుతున్నారు. మావాడికి తీగ చూపిస్తానని మాటిచ్చాను, నిన్నటి నుంచి బూట్లు గుమ్మం దగ్గర పెట్టుకుని ఉన్నాడు.