అమ్మ బ్యాగులో ఊరుబిండి, నెయ్యి: ఎయిర్‌పోర్టులో పోనిస్తారా లేదా?

కొత్తప్రయాణం, అనంతపురం
రాత్రి ఎనిమిది నుంచి ఇదే పని. ఒకచోట ఊరగాయ పోనిస్తారని ఉంది, ఇంకోచోట లాక్కుని పారేస్తారని ఉంది. బ్యాగు మూడుసార్లు సర్ది మూడుసార్లు విప్పినాం. అమ్మ ఒక్కతే పోతాంది, ఎల్లుండి పొద్దున పది గంటలకు ఫ్లైటు. చెక్ఇన్ కూడా అయిపోయింది. ఊరుబిండి, చింతకాయ తొక్కు, నెయ్యి ఒక కేజీ, ఎండు జొన్నరొట్టెలు, కారంపొడి, మసాలా పొడి, నాలుగు కొబ్బరి చిప్పలు, పూజ సామాను, పవర్ బ్యాంకు. ఏవి పోతాయి, ఏవి పోవు? ఒక్కమాట చెప్పండప్పా, తల తిరుగుతాంది.

పెన్నగట్టు
ఏ ఊరికి?

ఫోన్‌బాబాయ్
ముందు ఫోన్లో డిజియాత్ర వేయించండి. ఆధార్‌తో లింకు చేసి, సెల్ఫీ దిగి, బోర్డింగ్ పాస్ ఎక్కిస్తే చాలు, గేటు దగ్గర ముఖం చూపిస్తే తలుపు తెరుచుకుంటుంది. 2022 డిసెంబరులో మొదలైనప్పుడు ఢిల్లీ, వారణాసితో పాటు బెంగళూరులోనే పెట్టినారు. ఇంకా కాగితం పట్టుకుని క్యూలో నిలబడేవాళ్ళను చూస్తే జాలేస్తుంది. ఇప్పటి కాలంలో...

పెన్నగట్టు
అడిగింది తొక్కు గురించి. ఏ ఊరికి?

కొత్తప్రయాణం
దుబాయ్‌కి, తమ్ముని దగ్గరికి. బెంగళూరు నుంచి. చెప్పలేదా నేను?

పెన్నగట్టు
చెప్పలేదు. డిజియాత్ర దేశం లోపలి ఫ్లైట్లకే బాబాయ్, ఈమెకు పనికిరాదు. ఇంకోటి, చెక్ఇన్ అయిపోయింటే బ్యాగు మీ ఇంట్లో ఎట్లుంది?

కొత్తప్రయాణం
ఫోన్లో చేసినాం కదన్నా. సీటు కూడా వచ్చింది.

పెన్నగట్టు
అది వెబ్ చెక్ఇన్. బ్యాగు మాత్రం కౌంటర్లో ఇయ్యాల్సిందే.

ఫోన్‌బాబాయ్
రెండింటినీ చెక్ఇన్ అనే అంటారు. తప్పేముంది?

మూటముల్లె, కడప
పేరు ఏదైనా పెట్టుకోండి, సామాను రెండు భాగాలు చేయాల. కౌంటర్లో ఇచ్చే పెద్ద బ్యాగు ఒకటి, చేతిలో ఉండేది ఒకటి.

తొక్కు, నెయ్యి, కారంపొడి, మసాలా పొడి పెద్ద బ్యాగులోకే. విదేశీ ఫ్లైటుకు చేతిబ్యాగులో ద్రవం ఏదైనా 100 ఎంఎల్ మించిన సీసాలో ఉండకూడదు. సీసా సైజే లెక్క. 200 ఎంఎల్ సీసాలో అడుగున చెంచాడు నూనె ఉన్నా తీసేస్తారు. ఇట్లాంటి చిన్నసీసాలన్నీ కలిపి ఒక లీటరు పట్టే జిప్ కవరులో పట్టాల. కారం కళ్ళల్లో కొట్టొచ్చని చేతిబ్యాగులో రానీరు.

తొక్కు డబ్బా నూనె కారేది ఎందుకంటే, పైకి పోయేకొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గి, డబ్బాలో ఇరుక్కున్న గాలి ఉబ్బి, మూత సందులోంచి నూనెను తోస్తుంది. స్టీలు డబ్బా వద్దు. పైన తేలిన నూనె వంచేసి, మందపాటి కవర్లో పోసి, గాలంతా పిండి సీల్ చేయించు. మిఠాయి, పచ్చళ్ళ అంగళ్ళల్లో వ్యాక్యూమ్ సీలు వేసిస్తారు. దానిమీద ఇంకో జిప్ కవరు, చుట్టూ పాత టవలు, బ్యాగు నడిమధ్యన. నెయ్యికీ ఇదే పద్ధతి. జొన్నరొట్టెలు చేతిబ్యాగులో పెట్టు, పెద్ద బ్యాగులో అయితే పొడైపోతాయి.

కొబ్బరి చిప్పలు ఇంట్లోనే పెట్టేయండి. ఎండు కొబ్బరి తనంతట తానే వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉంది, పెద్ద బ్యాగులో ఒప్పుకోరు. పూజ సామానులో కర్పూరం, అగ్గిపెట్టె ఉంటే తీసేయండి.

పవర్ బ్యాంకు మాత్రం తలకిందులు: చేతిబ్యాగులోనే, పెద్దదాంట్లో అస్సలు కాదు. పెద్ద బ్యాగులో ఉందని స్కానర్లో పడితే బ్యాగు ఆపి, ఆమెను పిలిచి విప్పిస్తారు. 100 వాట్ అవర్ల లోపుండాల. 20,000 ఎంఏహెచ్‌ది 74 వస్తుంది (ఎంఏహెచ్ అంకెను బ్యాటరీ వోల్టేజీ 3.7తో హెచ్చేసి వెయ్యితో భాగించు). దానిమీద అంకెలు అరిగిపోయింటే కొత్తది కొను. ఎమిరేట్స్ విమానం వాళ్ళయితే 2025 అక్టోబరు 1 నుంచి మనిషికి ఒక్కటే, విమానంలో వాడకూడదు, తలపై అరలోనూ పెట్టకూడదు.

తుంగభద్ర, కర్నూలు
ఊరుబిండి తొక్కు కాదు కదా, పొడి. చెనిక్కాయలు, ఎండుమిరపకాయలు వేసి దంచేదే. చేతిబ్యాగులో పెట్టొచ్చు.

పెన్నగట్టు
మీ కర్నూల్లో పొడేమో. మా పక్క నీళ్ళు చల్లి ముద్ద చేస్తారు.

తుంగభద్ర, కర్నూలు
నీళ్ళు చల్లితే అది చట్నీ. ఊరుబిండి అనకూడదు.

మూటముల్లె, కడప
స్కానర్ దగ్గరుండే ఆయనకు మీ తగవు అక్కర్లేదప్పా. రొట్టెకు పూయగలిగేది ఏదైనా జెల్ లెక్కే, ద్రవం రూలే దానికీ. పొడి అయినా దాంట్లో కారముంది. పెద్ద బ్యాగులో వేసేయండి.

అడగలేదు గానీ, ఆ మసాలా పొడిలో గసగసాలు పడినాయా? యూఏఈలో, అంటే దుబాయ్ ఉండే దేశంలో, అవి మాదకద్రవ్యం కింద లెక్క. చిటికెడున్నా ఆ పొడి తీసేయాల. అమ్మకు మాత్రలుంటే స్ట్రిప్పులతోనే, డాక్టరు చీటీతో చేతిబ్యాగులో. ట్రమడాల్ అనే నొప్పిమాత్ర, కోడీన్ దగ్గుమందు ఉంటే వాళ్ళ ప్రభుత్వ అనుమతి ముందే తీసుకోవాల.

ఫోన్‌బాబాయ్
ఇన్ని చెప్పేబదులు అక్కడే కొనుక్కుంటే పోదా? దుబాయ్‌లో అన్నీ దొరుకుతాయి.

పెన్నగట్టు
చింతకాయ తొక్కు దొరుకుతుందేమో, అమ్మ నూరింది దొరకదు.
టెర్మినల్ 2 అని డ్రైవరుకు ముందే చెప్పండి, విదేశీ ఫ్లైట్లన్నీ అక్కడినుంచే. దేవనహళ్ళి దాటగానే మలుపు. ఏడుకల్లా అక్కడుండాలంటే అనంతపురంలో మూడుకు బయల్దేరాల. ఏ సంచి అయినా 32 కేజీలు దాటకూడదు. మూట కట్టొద్దు, పెట్టె అడుగు చదునుగా ఉండాల.

కొత్తప్రయాణం
మసాలా పొడిలో గసగసాలు ఉన్నాయంట. తీసేసినాం. కొబ్బరి కూడా. థ్యాంక్సప్పా, ఇంక పండుకుంటా.

తుంగభద్ర, కర్నూలు
నువ్వుల ఉండల్లో ఎండుకొబ్బరి తురుము వేస్తారు కదా, దానికేంది?