క్యూఈ2 ఓడల ఉన్న బార్ తీరుగ హన్మకొండల కట్టాలంటే ఏ కాలం బార్‌ను చూడాలె?

హన్మకొండ_పిలగాడు

అందరికి నమస్తే. నాది ఇంటీరియర్ పని. నక్కలగుట్ట దిక్కు ఒక కొత్త బార్ అండ్ రెస్టారెంట్ పని చేతికొచ్చింది. ఓనర్ అన్న చాన ఏండ్లు దుబాయ్‌ల ఉండి వచ్చినోడు. అక్కడ మీనా రషీద్‌ల హోటల్ చేసి నిలబెట్టిన క్యూఈ2 ఓడ, అంటే క్వీన్ ఎలిజబెత్ 2, దాంట్ల గోల్డెన్ లయన్ అని ఒక పబ్ ఉంటది. ఆయనకు అదంటే పానం. ఫోన్ల ఫొటోలు చూపెట్టి "అచ్చం గిట్లనే కావాలె తమ్మీ" అంటుండు. ముదురు రంగు కట్టె పలకలు, ఇంగ్లండ్ పాత పబ్బుల తీరు.

సరే అని ఆ ఓడ గురించి వెదుకుతుంటే 1969 నాటి ఫొటోలు దొరికినయ్. అదే జాగల అప్పుడు థియేటర్ బార్ అని ఉండె. గోడ ఎరుపు, పియానో ఎరుపు, కట్టె ఊసే లేదు. అప్పటిసంది నా మనసంత దాని మీదనే ఉన్నది. ఒకే ఓడల, ఒకే జాగల ఇంత తేడా ఎట్లొచ్చింది? ఓనర్ అన్నకు ఈ పాత ఫొటోలు చూపెట్టాల్నా, వద్దా? మా హాలు 30 ఇంటు 45 అడుగులు. స్లాబు 11 అడుగులు, ఏసీ డక్టులు పోను తొమ్మిదిన్నర మిగిలితే గొప్ప.

జగిత్యాల_కట్టెపని

చూపెట్టు తమ్మీ. తప్పకుండ చూపెట్టు.

నేను దుబాయ్‌ల హోటళ్ల ఫిటవుట్ పనులల్ల కార్పెంటర్ ఫోర్‌మన్‌గ చేసిన. ఈ ఓడ పనిల నా చెయ్యి లేదు గని, 2018 ఏప్రిల్‌ల దాన్ని హోటల్‌గ తెరిచినంక సెలవు దొరికినప్పుడల్ల పోయి మూలలు, జాయింట్లు, బల్లల అంచులు చూసుకుంట తిరిగిన. మనోళ్లు చానమంది ఫొటో దిగి వస్తరు. అక్కడ చూడాల్సింది మస్తున్నది.

ముందుగాల ఓడ సంగతి చెప్పాలె, లేకుంటే బార్ ఎందుకు మారిందో తెల్వది. స్కాట్లండ్‌ల క్లైడ్‌బ్యాంక్‌ల, జాన్ బ్రౌన్ యార్డుల కట్టిండ్రు. 1967 సెప్టెంబర్‌ల నీళ్లల్లకు దించిండ్రు. 1969 మే 2న సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కు మొదటిసారి బయలెల్లింది. అప్పటికే అట్లాంటిక్ దాటేటోళ్లు జెట్ విమానాలకు మర్లిండ్రు. ఓడ కట్టిపిచ్చిన క్యునార్డ్ కంపెనీకి పాత ఓడల తీరుగ ఇంకో కట్టె మహల్ కడితే నడవదని తెల్సింది. లోపలి పని మొత్తం డెన్నిస్ లెన్నన్ అనే ఆర్కిటెక్టు చేతుల పెట్టిండ్రు. కొన్ని గదులు ఇంకొందరు డిజైనర్లకు ఇచ్చిండ్రు. ఓడ పైభాగమంత అల్యూమినియం, ఎందుకంటే పైన బరువు తగ్గితే ఇంకో అంతస్తు ఎక్కియ్యొచ్చు. లోపల కూడ సన్‌మైకా లాంటి లామినేట్లు, ఫైబర్‌గ్లాస్, తోలు వాడిండ్రు. ఆ కాలానికి కొత్తగ వచ్చిన సామానుతోని, ఆ కాలపోళ్లు ధైర్యంగ చేసిన పని అది.

నువ్వు చూసిన థియేటర్ బార్ గసొంటిదే. గోడకు కోడిగుడ్ల ట్రే తీరుగ గుంతలు గుంతలు పోతపోసిన ఎర్ర ఫైబర్‌గ్లాస్. లైటు దాని మీద పడితే ఒక్కో గుంతల ఒక్కో తీరు నీడ. గోడకు వేరే అలంకారం అక్కర్లేదు. ఓడ నడిమిట్ల మిడ్‌షిప్స్ బార్ అని ఇంకోటి ఉండె, అది ముదురు పచ్చ. అటు ఫస్ట్ క్లాసోళ్లు కూసునేది. ఒక్క ఓడల రెండు బార్లు, రెండు రంగులు, రెండు లోకాలు.

నాకు అన్నిట్లకన్న ఎక్కువ బాధ అయ్యేది లుకౌట్ బార్ మీద. ఓడ ముందట, ముక్కు మీద నుంచి సముద్రం కనబడే బార్. 1972 మరమ్మతుల దాన్ని తీసేసి కిచెన్ చేసిండ్రు! లెక్క ప్రకారం కంపెనీకి అది సరే కావచ్చు, కొత్త రెస్టారెంట్లకు వంటజాగ కావాలె కదా. గని ముందటి సముద్రం చూసే కిటికీలను వంటింటి గోడ చేసుడు నేనైతే ఎన్నడు ఒప్పుకోను.

తర్వాత 1982ల బ్రిటన్, అర్జెంటీనా కొట్లాడుకున్న ఫాక్‌లాండ్స్ యుద్ధానికి సైనికులను తీసుకపొయ్యింది. కార్పెట్లు ఖరాబు కావద్దని వాటి మీద హార్డ్‌బోర్డు పరిచిండ్రు. 1986-87ల జర్మనీల బ్రెమర్‌హావెన్‌ల ఆవిరి ఇంజన్లు తీసేసి డీజిల్ పెట్టినప్పుడు లోపల కూడ చాన మార్చిండ్రు. డబుల్ రూంల స్టీలు, అద్దం మెట్లు అప్పుడే పొయ్యి గ్రాండ్ లాంజ్ వచ్చింది. ఇగ 1994ల జరిగిన రిఫిట్టుల, అంటే ఓడను మళ్ల సవరించినప్పుడు, నీ ఎర్ర బార్ గోల్డెన్ లయన్ అయింది, ముదురు పచ్చ మిడ్‌షిప్స్ బార్ చార్ట్ రూం అనే బార్ అయింది. చార్ట్ రూంల పాత క్వీన్ మేరీ ఓడ పియానో పెట్టిండ్రు. అప్పటికి ఓడ ఎక్కేటోళ్లు వేరే ఊరు పోవాలని కాదు, పాతకాలం ఓడల ఉన్నమన్న సంబురానికి ఎక్కుతున్నరు. ఇరవై అయిదేండ్ల కింద ఏ పాతదనాన్ని కాదని ఓడ కట్టిండ్రో, అదే పాతదనాన్ని మళ్ల కట్టెతోని తెచ్చి అతికిచ్చిండ్రు.

గోల్డెన్ లయన్‌ల పని తప్పు అంటలేను. మంచి పనితనమే. గని అది భూమ్మీది పబ్‌ను తెచ్చి ఓడల పెట్టింది. దాన్ని నువ్వు హన్మకొండల దించితే నకలుకు నకలు అయితది. 1969 గది మాత్రం ఆ ఓడ కోసమే పుట్టింది.

నీ తొమ్మిదిన్నర అడుగుల సంగతికి కూడ ఆ ఓడల్నే జవాబు ఉన్నది. మైకేల్ ఇంచ్‌బాల్డ్ అనే డిజైనర్ చేసిన క్వీన్స్ రూం ఫొటోలు తియ్యి. స్తంభాలు కింద సన్నగ, పైకి పోంగ పోంగ విచ్చుకొని, తెల్లటి సీలింగ్‌ల కలిసిపోతయ్. లైటు కనబడది, వెలుగు కనబడ్తది. తక్కువ ఎత్తు హాలు తేలికగ అనిపిస్తది. ఆ స్తంభాలు ఇయ్యాల్టికి ఉన్నయ్, నేను చెయ్యి పెట్టి చూసిన. నీ హాల్ల పిల్లర్లు ఉంటే వాటి చుట్టు జిప్సంతోని ఇట్ల విప్పు. చుట్టూర ఫాల్స్ సీలింగ్ దించి నడుమ ఫ్యాన్సీ లైటు వేలాడదియ్యకు, ఉన్న ఎత్తు కూడ పోతది.

ఇంకోటి. పాత ఓడల నేలలు ముందుకు, వెనుకకు వంపుతోని ఉంటయ్. ఆ పని చేసినోళ్లు రసమట్టం నమ్ముకొని గోడలు పెట్టలేదు. ప్రతి పలకను ఆ వంపుకు కోసుకున్నరు. గంత పని ఉంటది దాంట్ల.

కరీంనగర్_అక్క

అన్నా, మీరు క్వీన్ మేరీ పియానో అన్నరు కాబట్టి చెప్తున్న. నేను కాలిఫోర్నియాల ఉంట, ఆ క్వీన్ మేరీ ఓడ ఇక్కడ లాంగ్ బీచ్‌ల 1967 డిసెంబర్‌సంది నిలబడి ఉన్నది. దాంట్ల ముందట అర్ధచంద్రాకారంల అబ్జర్వేషన్ బార్ ఉంటది. 1936 నాటిది. బార్ మీద ఏ.ఆర్. థామ్సన్ వేసిన పెద్ద బొమ్మ. 1935ల ఇంగ్లండ్ రాజు జార్జ్ 5 గద్దెనెక్కి ఇరవై అయిదేండ్లయిందని పండుగ జరిగితే జనం వీధిల చేతులు పట్టుకొని ఆడేది.

ఆ ఓడ రెండో ప్రపంచ యుద్ధంల బూడిద రంగు పూసుకొని ఒక్క ట్రిప్పుల 15 వేలకు పైగ సైనికులను మోసింది. 1947ల మళ్ల ప్రయాణికులకు వచ్చింది, తర్వాత హోటల్ అయింది. ఎన్నో మారినయ్, గని ఆ బొమ్మ బార్ మీద్నే ఉన్నది. అందుకే ఎవలు లోపలికొచ్చినా ఇది ఆ బారే అని గుర్తుపడ్తరు. తమ్మీ, మీ బార్‌ల కూడ అసొంటి ఒక్క గోడ పెట్టున్రి. మిగిలిన సోఫాలు, కార్పెట్లు ఎప్పటికప్పుడు మారనియ్యున్రి. ఒక సలహా: ఓడ చక్రం, లంగరు, తాళ్లు గోడకు కొట్టకున్రి. అసలు ఓడల బార్‌ల అవి ఉండయ్.

మట్టెవాడ_పెద్దమనిషి

జగిత్యాల తమ్ముని మాట నేను పూర్తిగ ఒప్పుకోను. మన వెయ్యిస్తంభాల గుడి కల్యాణ మండపం 2006ల విప్పి, రాయి రాయి లెక్కపెట్టి, మళ్ల నిలబెట్టి 2024 మార్చిల తెరిచిండ్రు. అక్కడ ముందున్నట్టే కట్టాలె, ఎందుకంటే అది కాకతీయులది. బార్ అట్ల కాదు. గోల్డెన్ లయన్‌ను ఓడ ఏండ్లకు ఏండ్లు వాడుకున్నది, జనం దాంట్ల కూసున్నరు, అది కూడ అసలుదే అయింది. ఆ ఓనర్ పిలగాడు పరాయి దేశంల ఇంటి మీద రంది పెట్టుకొని కూసున్న జాగ అదే. ఆయన కండ్లముందు ఉన్న బార్‌ను నువ్వు నకలు అంటే మనసు నొస్తది. ఎర్రది చూపెట్టు, గని ఆయన ఏ మూల కూసునేదో ముందు అడుగు.

హన్మకొండ_పిలగాడు

పెద్దమనిషి చెప్పినట్టే అడిగిన. గోడవారగ, వీపు కట్టె పలకకు ఆనిచ్చి కూసునేదట. అందుకే ఆ సీటు వరుస మాత్రం టేకు వెనీర్‌తోని, అంటే పలుచటి టేకు పొరతోని, అట్లనే చేస్త అన్న. ఎర్ర గోడ ఫొటో చూపెడితే చానసేపు చూసి, బార్ కౌంటర్ వెనుక పెట్టు అన్నడు. జగిత్యాల అన్నా, ఆ గుంతల ఫైబర్‌గ్లాస్ ఇక్కడ పోతపోపియ్యొచ్చా?

జగిత్యాల_కట్టెపని

పోపియ్యొచ్చు. ఫైబర్ పని చేసేటోళ్లకు ఒక్క గుంత అచ్చు మంచిగ చేసి ఇయ్యి, మిగిలినయ్ అదే అచ్చుల తీస్తరు. గని మామూలు రెసిన్ వద్దు, మంట తొందరగ అంటుకుంటది, పొగ ఎక్కువ. మంటలను ఆపే రెసిన్ అడుగు, ముక్క కోపిచ్చి బయట కాల్చి చూసి అప్పుడు ఆర్డరియ్యి. కౌంటర్ దగ్గర వంట పొయ్యి ఉంటే ఆ గోడకు జిప్సం పలకలే పోతపోపియ్యి. లైటు గోడ వెంబడి కింద నుంచి పెట్టు, ఎదురుంగ పెడితే గుంతలు చదునుగ కొడ్తయ్.