హైదరాబాద్ నుంచి డాలస్ 14,400 కి.మీ., టికెట్‌లో మాత్రం 12 గంటలే చూపిస్తోంది, ఎలా?

మియాపూర్ అబ్బాయి:
అమ్మని జులైలో అక్క వాళ్ల దగ్గరికి డాలస్ పంపిస్తున్నాం. ఒక్కతే వెళ్తోంది, తెలుగు తప్ప ఇంకో భాష రాదు. దూరం చూస్తే దాదాపు 14,400 కి.మీ. అట, గంటకి 900 చొప్పున వేసుకున్నా 16 గంటలు పట్టాలి కదా? టికెట్‌లో తెల్లవారుజామున 4కి శంషాబాద్‌లో ఎక్కి అదే రోజు సాయంత్రం 4కి డాలస్‌లో దిగుతుందని ఉంది, అదీ దుబాయ్‌లో రెండున్నర గంటలు ఆగి. ఇంకో టికెట్ కొంచెం చవక, కానీ దుబాయ్‌లో 9 గంటలు వెయిటింగ్. ఏది తీసుకోమంటారు?

గ్లోబు పిచ్చోడు:
టికెట్‌లో ఎప్పుడూ ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు బ్రో. జులైలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక (చలికాలమైతే పదకొండున్నర), అంటే ఆ 12కి పదిన్నర కలుపు, మొత్తం ఇరవై రెండున్నర. దుబాయ్‌కి నాలుగు, అక్కడ రెండున్నర, మిగతా పదహారూ ఒకే విమానంలో.

దుబాయ్ మీదుగా వెళ్తే చుట్టు తిరుగుడు అనుకుంటారు గానీ పెరిగేది వెయ్యి కి.మీ. చిల్లరే. హైదరాబాద్–దుబాయ్ 2,550, దుబాయ్–డాలస్ 12,900. గోడ మీది మ్యాప్‌లో గీత గీస్తే అట్లాంటిక్ మధ్యలోంచి పోతుంది, కానీ భూమి గుండ్రం కాబట్టి దగ్గర దారి పైకి, గ్రీన్‌లాండ్ వైపు నుంచి. సీటు ముందు స్క్రీన్ మీద అది చూసి అమ్మ కంగారు పడకుండా ముందే చెప్పి పంపు.

ప్లానో పిన్ని:
బాబూ, దూరం సంగతి వదిలెయ్, వీల్‌చెయిర్ పెట్టావా? నడవగలిగినా సరే పెట్టు, బుక్ చేసేటప్పుడే అడగాలి. దుబాయ్‌లో వాళ్లే ఒకచోట కూర్చోబెట్టి, బోర్డింగ్ టైమ్‌కి మళ్లీ వచ్చి గేటు దాకా తీసుకెళ్తారు. అందుకే 9 గంటలది వద్దంటాను, భాష రాని మనిషి అంతసేపు అక్కడ కూర్చుని మంచినీళ్లు అడగడానికి కూడా మొహమాటపడుతుంది. రెండు ఫ్లైట్లూ ఒకే టికెట్ మీద ఉండేలా చూసుకో, మొదటిది లేటై రెండోది తప్పిపోయినా తర్వాతి దాంట్లో ఎక్కించే బాధ్యత వాళ్లదే. బ్యాగులు కూడా నేరుగా డాలస్‌కే వేస్తారు, ఇమిగ్రేషన్ అయ్యాక అక్కడే తీసుకుంటుంది. మీ అక్క అడ్రసు, ఫోన్ నంబరు, ఎన్నాళ్లుంటుందో ఇంగ్లిష్‌లో కాగితం మీద రాసి పాస్‌పోర్టులో పెట్టు. నడవ పక్క సీటు తీసుకో, పదహారు గంటలు లేవకుండా కూర్చుంటే కాళ్లు వాచిపోతాయి.

మియాపూర్ అబ్బాయి:
థాంక్యూ పిన్నీ, రెండున్నర గంటలదే చేసేస్తా. రిటర్న్ కూడా ఇంతేనా?

గ్లోబు పిచ్చోడు:
గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి డాలస్–దుబాయ్ గంటా గంటన్నర తక్కువే. తేదీలే తికమక. సోమవారం మధ్యాహ్నం అక్కడ ఎక్కితే, కనెక్షన్‌ని బట్టి ఇక్కడ బుధవారం తెల్లవారుజాము కూడా అవ్వొచ్చు. కారు బుక్ చేసే ముందు తేదీ చూసుకో.